యీరే అంటే చూసుకోవడం

ఆటో వెనక అద్దం మీద, లారీ ముందు రేకు మీద, కొత్త ఇంటి గుమ్మం పైన, కిరాణా కొట్టు బోర్డు మీద ఆ రెండు మాటలు తెలుగు నేల మీద చాలాచోట్ల కనబడతాయి: యెహోవా యీరే. జనవరి ఒకటో తేదీన చర్చిల్లో పంచే వాగ్దానపు కార్డుల్లో ఉంటాయి. పిల్లల ఫీజు కట్టాల్సిన వారంలో, వీసా రావాల్సిన నెలలో, ఆపరేషనుకు డబ్బు కుదరని రాత్రి ప్రార్థనలో వినబడతాయి. 2021లో అదే పేరుతో ఒక ఇంగ్లిషు పాట వచ్చి చాలా దేశాల చర్చిల్లోకి పాకింది. దాంతో మన కుర్రకారులో కొందరి నోట అది ‘జైరా’ కూడా అయింది.

అర్థం అడిగితే ఎక్కువమంది ఒకటే చెబుతారు: సమకూర్చే దేవుడు. ఇంగ్లిషు అలవాటున్నవాళ్లు ‘ప్రొవైడర్’ అంటారు. అది తప్పు కాదు. కానీ హీబ్రూలో ఆ మాటకు ముందున్న అర్థం ఇవ్వడం కాదు, చూడటం. తేడా చిన్నదే. ప్రార్థన చేసేవారికి మాత్రం దానివల్ల చాలా మారుతుంది. పైగా ఈ తేడా అందుకోవడానికి తెలుగువాళ్లు ఎక్కడికీ వెళ్లనక్కరలేదు. రోజూ మాట్లాడే మాటలోనే అది ఉంది.

ముందు పేరులో మొదటి సగం చూద్దాం. ప్రాచీన హీబ్రూలో ప్రధానంగా హల్లులే రాసేవారు. అచ్చులు చదివేవాడి నోట ఉండేవి. ఇశ్రాయేలు దేవుని పేరు నాలుగు అక్షరాలు: యోద్, హే, వావ్, హే. హీబ్రూ బైబిల్లో ఆ పేరు సుమారు 6,800 సార్లు వస్తుంది. కాలక్రమంలో యూదులు భయభక్తులతో దాన్ని పైకి పలకడం మానేశారు. అది కనబడినచోట ‘అదోనాయ్’ (నా ప్రభువు) అని చదివారు. ఇప్పటికీ అలాగే చదువుతారు. క్రీ.శ. మొదటి సహస్రాబ్ది చివరి శతాబ్దాల్లో మసోరెట్లు (లేఖనాల పాఠాన్ని అక్షరం పోకుండా కాపాడిన యూదు పండితులు) హల్లుల చుట్టూ చుక్కలు, గీతలు పెట్టి అచ్చుల్ని సూచించారు. ఈ నాలుగు అక్షరాల దగ్గర మాత్రం అదోనాయ్ అచ్చుల్ని పెట్టారు. ఇక్కడ అదోనాయ్ అని చదవాలి సుమా అని గుర్తుచేయడానికే. తర్వాతి కాలంలో క్రైస్తవ పండితులు ఒక మాట హల్లుల్నీ ఇంకో మాట అచ్చుల్నీ కలిపి చదివారు. అలా పుట్టింది ‘యెహోవా’. అసలు ఉచ్చారణ ‘యాహ్వే’కు దగ్గరగా ఉండేదని ఎక్కువమంది పండితుల అభిప్రాయం.

మరి యెహోవా అని ప్రార్థించడం పొరపాటా? నా మటుకు నాకు అలా అనిపించదు. తరతరాల కన్నీళ్లు, కృతజ్ఞతలు ఆ ఉచ్చారణలోనే వెళ్లాయి. పేరు సరిగ్గా పలికితేనే తెరుచుకునే తాళం లాంటిది కాదు ప్రార్థన. యేసు శిష్యులకు ప్రార్థన నేర్పినప్పుడు ఈ నాలుగు అక్షరాల్ని పలకమనలేదు, ‘తండ్రీ’ అని మొదలుపెట్టమన్నాడు. కొత్త నిబంధన గ్రీకు ప్రతులు కూడా ఆ పేరున్నచోట ‘ప్రభువు’ అనే మాటే వాడాయి. అయినా పేరు పూర్తిగా మాయం కాలేదు. ‘హల్లెలూయ’ చివర ఉన్న ‘య’ ఆ పేరుకు కుదించిన రూపమే. ‘యాను స్తుతించండి’ అని దాని అర్థం. చదువు రాని ముసలమ్మ చేతులెత్తి హల్లెలూయ అన్నా ఆ పాత పేరు పలికినట్టే.

ఇక రెండో సగం. ‘యీరే’ అనేది విశేషణం కాదు, క్రియ. హీబ్రూలో ‘రా-ఆ’ అంటే చూడటం. దాని మీద ‘అతడు’ అనే గుర్తు చేరితే ‘యిర్-ఏ’ అవుతుంది. అంటే చూస్తాడు. మన పాత తెలుగు బైబిలు ‘యీరే’ అని రాసింది. ఇంగ్లిషు ‘జైరా’ కంటే ఇది హీబ్రూకు చాలా దగ్గర. హీబ్రూ ‘య’ శబ్దం ఐరోపా లిపుల్లో ప్రయాణించి ఇంగ్లిషులో ‘జ’ అయింది. ఆ ‘జ’ను మళ్లీ తెచ్చుకోవాల్సిన అవసరం మనకు లేదు.

ఈ పేరు బైబిల్లో ఒకే ఒక్కచోట వస్తుంది, ఆదికాండము 22వ అధ్యాయంలో. కథ తెలిసినవాళ్లు కూడా ఒకసారి నెమ్మదిగా నడవాలి. అబ్రాహాము బెయేర్షెబా ప్రాంతంలో ఉన్నాడు. ముసలితనంలో పుట్టిన కొడుకు ఇస్సాకును మోరీయా దేశానికి తీసుకెళ్లి బలిగా అర్పించమని దేవుడు అడుగుతాడు. మూడో రోజున అబ్రాహాము కన్నులెత్తి దూరాన ఆ చోటు చూస్తాడు. గాడిదనూ పనివాళ్లనూ అక్కడే ఆపేస్తాడు. కట్టెలు కొడుకు భుజాన, నిప్పూ కత్తీ తండ్రి చేతిలో. నడుస్తూ నడుస్తూ కొడుకు అడుగుతాడు: నిప్పుంది, కట్టెలున్నాయి, గొర్రెపిల్ల ఏది? ఆ ప్రశ్నకు తండ్రి ఇచ్చిన జవాబులోనే ‘యిర్-ఏ’ అనే రూపం మొదట వినబడుతుంది. గొర్రెపిల్ల సంగతి దేవుడే చూసుకుంటాడు అంటాడు. తర్వాత ఇద్దరూ కలిసి నడిచారని కథ చెబుతుంది. అంతకుమించి ఒక్క మాట చెప్పదు.

ఆపైన బలిపీఠం, కట్టెలు, కట్టివేసిన పిల్లవాడు. ఎత్తిన చేతిని ఆపిన పిలుపు. అబ్రాహాము మళ్లీ కన్నులెత్తుతాడు. పొదలో కొమ్ములు చిక్కుకున్న పొట్టేలు కనబడుతుంది. కొడుకు బదులు దాన్ని అర్పించి, ఆ చోటికి యెహోవా యీరే అని పేరు పెడతాడు.

యూదులు ఈ అధ్యాయాన్ని ‘అకేదా’ (కట్టివేయడం) అంటారు. కొత్త సంవత్సరపు పండుగ రెండో రోజున సమాజమందిరాల్లో చదువుతారు. ఆ పండుగకు ఊదే కొమ్ము పొట్టేలుదే. కథలోని భయం పోకుండా వాళ్లు జాగ్రత్తపడ్డారు. మనం బోర్డు మీద రాసుకునే పేరుకు వెనక ఆ భయం ఉందని క్రైస్తవులు కూడా మరవకూడదని నా కోరిక. యీరే అనేది సుఖంగా కూర్చుని పెట్టిన పేరు కాదు.

ఇక్కడ గమనించాల్సింది ఇంకొకటి ఉంది. అబ్రాహాము ఆ పేరు దేవునికి పెట్టలేదు, కొండకు పెట్టాడు. ‘యెహోవా నిస్సీ’ కూడా అంతే. అమాలేకీయులతో యుద్ధం తర్వాత మోషే కట్టిన బలిపీఠం పేరది. ‘యెహోవా షాలోము’ గిద్యోను కట్టిన బలిపీఠం పేరు. ‘యెహోవా షమ్మా’ యెహెజ్కేలు దర్శనంలో కనబడిన పట్టణం పేరు. మరి ఇవన్నీ దేవుని పేర్ల జాబితాగా ఎలా మారాయి? అనువాదకుల ఒక అలవాటు దీనికి దోవ వేసింది. 1611 నాటి కింగ్ జేమ్స్ ఇంగ్లిషు బైబిలు నాలుగక్షరాల పేరు వచ్చినచోట దాదాపు అంతటా ‘ప్రభువు’ అనే రాసింది. యెహోవా అనే రూపాన్ని ఏడు చోట్లే ఉంచింది. అందులో మూడు ఈ యీరే, నిస్సీ, షాలోములే. స్థలాల, బలిపీఠాల పేర్లు కాబట్టి వాటిని అనువదించకుండా వదిలేసింది. అనువదించని మాటకు ఒక గుణం ఉంటుంది. అర్థం పక్కకు జరుగుతుంది, శబ్దం బలపడుతుంది. పలుకుతున్నకొద్దీ మంత్రంలా తోస్తుంది. స్థలానికి సాక్ష్యంగా పెట్టిన పేరు, పని జరిపించుకునే పేరుగా మారిపోవడం మొదలవుతుంది.

ఈ మొగ్గు ఇవాళ్టిది కాదు. 1979లో యెరూషలేములో కేతెఫ్ హిన్నోము అనేచోట పాత సమాధుల్లో రెండు చిన్న వెండి రేకులు దొరికాయి. చుట్టలుగా చుట్టి ఉన్నాయి. మన తాయెత్తుల్లా ఒంటి మీద ధరించినవని పండితులు అంటారు. వయసు సుమారు 2,600 ఏళ్లు. విప్పి చూస్తే ఆ నాలుగక్షరాల పేరు ఉంది. దాంతోపాటు యాజకుల ఆశీర్వాదపు మాటలు ఉన్నాయి, సంఖ్యాకాండంలో మనం చదివే ఆశీర్వాదమే. పేరును ఒంటికి కట్టుకోవాలనే ఆశ అంత పాతది. కానీ ఆ రేకు మీద ఆశీర్వాదం ఏం కోరింది? దేవుడు తన ముఖాన్ని ఈ మనిషి మీద ప్రకాశింపజేయాలని. అంటే తాయెత్తు మీద కూడా చూపునే కోరారు.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. చూడటం అనే క్రియకు సమకూర్చడం అనే అర్థం ఎలా వచ్చింది?

బైబిల్లోనే దీనికి వేరే ఉదాహరణలున్నాయి. కరవు వస్తుందని ఫరోకు చెప్పిన యోసేపు, ఒక వివేకవంతుణ్ణి ‘చూడమని’ సలహా ఇస్తాడు. వెతికి, తేల్చుకుని, నియమించమని అర్థం. యెష్షయి కొడుకుల్లో ఒకణ్ణి నాకోసం రాజుగా ‘చూశాను’ అని దేవుడు సమూయేలుతో అంటాడు. రెండుచోట్లా హీబ్రూ క్రియ ఇదే. తెలుగువాళ్లకు ఇందులో వింతేముంది? అమ్మాయికి ఒక సంబంధం చూడండి అంటాం. అద్దెకు ఇల్లు చూశావా అంటాం. అన్నయ్యా, మావాడికి ఒక ఉద్యోగం చూసిపెట్టు అంటాం. ఎవరూ కళ్లతో చూడటం వరకే ఆగిపోరు.

పాత అనువాదకులకు ఈ మాట ఎంత ఇబ్బంది పెట్టిందో చూస్తే ఆసక్తిగా ఉంటుంది. సెప్టువజింట్ (హీబ్రూ లేఖనాల ప్రాచీన గ్రీకు అనువాదం) ఆ కొండ పేరును ‘ప్రభువు చూశాడు’ అని రాసింది. వల్గేట్ (జెరోము చేసిన లాటిన్ బైబిలు) అక్కడ ‘ప్రభువు చూస్తాడు’ అంది. కానీ అబ్రాహాము కొడుక్కి చెప్పిన జవాబు దగ్గర జెరోము మరో క్రియ ఎంచుకున్నాడు, ‘ప్రొవిడేరే’. ‘ప్రో’ అంటే ముందు, ‘విడేరే’ అంటే చూడటం. ముందుగా చూడటం. ముందు చూసినవాడు ఏర్పాటు చేసి పెడతాడు కదా. ఇంగ్లిషు ‘ప్రొవైడ్’ ఆ లాటిన్ మాట సంతానమే. కానీ ఇంగ్లిషులో ఇప్పుడు ఆ మాట వింటే చూపు గుర్తుకురాదు. ఇంటర్నెట్ కనెక్షన్ ఇచ్చేవాడూ ప్రొవైడరే. చూపు రాలిపోయి సరఫరా మిగిలింది.

మన తెలుగు బైబిలు అక్కడ ఏం వాడింది? ‘చూచుకొనును’. తండ్రి జవాబులోనూ అదే, కొండ పేరుకు వివరణగా వచ్చే వాక్యంలోనూ అదే. ఈ ఒక్క మాటను ఎంచుకున్నవారికి నేను చేతులెత్తి నమస్కరిస్తాను. హీబ్రూలో ఉన్న మూడు సంగతుల్ని అది ఒకేసారి పట్టుకుంది.

మొదటిది, చూపూ బాధ్యతా రెండూ అందులో ఉన్నాయి. ‘మీ అమ్మగారిని ఎవరు చూసుకుంటున్నారు?’ అని అడిగితే తిండి, మందులు, రాత్రి దగ్గు వినబడితే లేచి వెళ్లడం, అన్నీ ఆ ప్రశ్నలో ఉంటాయి. నెలనెలా డబ్బు పంపే కొడుకు ఇస్తున్నాడు. పక్కనున్న కూతురు చూసుకుంటోంది. ఈ తేడా తెలుగు ఇళ్లలో ఎవరికీ విడమరిచి చెప్పనక్కరలేదు, దూరదేశాల్లో ఉన్న పిల్లలకు మరీను.

రెండోది ‘కొను’. తనకోసం, తన పనిగా అనే అర్థాన్ని క్రియకు చేర్చే ముక్క అది. వండటం వేరు, వండుకోవడం వేరు. అబ్రాహాము జవాబులో హీబ్రూలో కూడా ‘తనకోసం’ అనే చిన్న మాట ఉంది. దేవుడు తనకోసం గొర్రెపిల్లను చూసుకుంటాడు. అంటే ఇక్కడ సమకూరింది అబ్రాహాము కోరికల చిట్టాలోని వస్తువు కాదు. దేవుడు అడిగినదాన్ని దేవుడే తన బాధ్యతగా తీసుకున్నాడు.

మూడోది కాలం. హీబ్రూలో ‘యిర్-ఏ’ చూస్తాడు, చూడబోతాడు అనే రెంటికీ సరిపోతుంది. తెలుగులో ‘చూసుకుంటాడు’ కూడా అంతే. ఎప్పుడూ చూసుకుంటాడు, రేపు కూడా చూసుకుంటాడు. ఒకే రూపం.

ఈ కథకు ముందే ఇంకో మనిషి ఇదే క్రియతో దేవునికి పేరు పెట్టింది. ఆమె హాగరు. ఐగుప్తు దాసి. శారా పెట్టిన బాధ భరించలేక గర్భంతో ఎడారిలోకి పారిపోయింది. నీటి బుగ్గ దగ్గర ఆమెను దూత కలుసుకుని పేరు పెట్టి పిలిచాడు. నన్ను చూసే దేవుడు అనే అర్థంలో ఆమె ‘ఎల్ రోయి’ అంది. బైబిల్లో దేవునికి ఒక పేరు పెట్టిన మొదటి మనిషి ఆ దాసి. తర్వాత అక్కడి బావికి ‘బెయేర్ లహాయిరోయి’ అనే పేరు నిలిచింది. (23వ కీర్తనలో ‘నా కాపరి’ అనే మాట కూడా తెలుగులో రాస్తే రోయి అనే అవుతుంది. హీబ్రూలో అక్షరం వేరు, ధాతువు వేరు. చాలామంది బోధకులు ఈ రెంటినీ కలిపేస్తుంటారు.) హాగరుకు ఆ రోజు చేతికి ఏమీ అందలేదు. ఒక వాగ్దానం దొరికింది, వెనక్కి వెళ్లమనే కష్టమైన మాట దొరికింది. అయినా ఆమె పేరు పెట్టింది. తనను ఎవరో చూశారన్నదే ఆమెకు పేరు పెట్టదగినంత పెద్ద విషయం.

ఇది తెలిశాక ప్రార్థనలో ఏం మారుతుంది?

మొదట మారేది ప్రార్థన ఆరంభం. సరఫరాదారుతో మాట్లాడేటప్పుడు మన అవసరాన్ని రుజువు చేయాలి. వివరాలు చెప్పాలి, గుర్తుచేయాలి, గొంతు పెంచాలి. చూస్తున్నవాడితో మాట్లాడేటప్పుడు ఆ శ్రమ అక్కరలేదు. మత్తయి సువార్త 6వ అధ్యాయంలో యేసు ప్రార్థన గురించి చెప్పిన మాటలు దీని మీదే నిలబడ్డాయి. తలుపు వేసుకో, తండ్రి రహస్యంలో చూస్తాడు. విస్తారమైన మాటలు వద్దు, అడగకముందే ఆయనకు తెలుసు. ఆ తర్వాతే రోజువారీ ఆహారం అడగమన్నాడు. అడగడం తప్పు కాదు. చూపు ముందు, అడగడం తర్వాత.

రెండోది, పేరు ఎప్పుడు పెట్టాడో గుర్తుంటుంది. కొండ ఎక్కేటప్పుడు అబ్రాహాము దగ్గర పేరు లేదు. ‘చూసుకుంటాడు’ అనే ఒక్క క్రియ ఉంది. ఎలా చూసుకుంటాడో ఆయనకు తెలియదు. గొర్రెపిల్ల అన్నాడు, వచ్చింది పొట్టేలు. దిగివచ్చాక చెప్పే సాక్ష్యాన్ని ఎక్కకముందే పూచీకత్తుగా చేతిలో పెట్టి, నీ వీసా ఖాయం, నీ అప్పు తీరినట్టే అని చెప్పే ప్రసంగాలు ఈ వరుసను తలకిందులు చేస్తాయి. అనుకున్నది జరగనప్పుడు ఆ మనిషి విశ్వాసం తక్కువైందని నిందిస్తాయి కూడా. అది విన్న తల్లిదండ్రుల ముఖాలు నేను చూశాను. ఆదికాండము 22 అలాంటి పూచీ ఇవ్వదు.

క్రైస్తవులకు ఈ కొండ మీద ఇంకో చూపు కూడా ఉంది. రోమీయులకు రాసిన పత్రిక 8వ అధ్యాయంలో, దేవుడు తన సొంత కుమారుని వెనకతీయలేదని చెప్పేటప్పుడు పౌలు వాడిన గ్రీకు క్రియ, ఆదికాండము 22 గ్రీకు అనువాదంలో అబ్రాహాము గురించి వాడినదే. దినవృత్తాంతముల రెండో గ్రంథం 3వ అధ్యాయం ప్రకారం సొలొమోను దేవాలయం కట్టింది మోరీయా పర్వతం మీద. అందుకే తొలి క్రైస్తవులు ‘గొర్రెపిల్ల ఏది?’ అనే ప్రశ్నకు యేసులో జవాబు వెతుక్కున్నారు. ఈ చదువులో యీరే అనే పేరు జీతం, ఇల్లు, ఆరోగ్యం కంటే ముందు సిలువను చూపిస్తుంది. అవేవీ అడగకూడదని కాదు. పౌలు కూడా అదే వాక్యంలో తక్కినవన్నీ ఆయనతోపాటు ఇవ్వకుండా ఉంటాడా అని అడుగుతాడు. వరుస మాత్రం అదీ.

మూడోది నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచేది. కొండ పేరు చెప్పిన వెంటనే, అదే వాక్యంలో, హీబ్రూ పాఠం ఒక సామెత లాంటి మాట చేరుస్తుంది. అక్కడ అవే హల్లులు మళ్లీ వస్తాయి, అచ్చులు మాత్రం వేరు. మొదటిది ‘యిర్-ఏ’, చూస్తాడు. రెండోది ‘యేరా-ఏ’, కనబడతాడు, లేదా కనబడుతుంది. చూసేవాడు కనబడేవాడు కూడా అయ్యాడు. అబ్రాహాము కూడా చూశాడు. కన్నులెత్తాడు కాబట్టి పొట్టేలు కనబడింది. చూపు ఒకవైపే లేదు.

ఇక్కడే మన ఊళ్లలో ఒక వాడుక గురించి చెప్పాలి. ఎవరైనా కష్టం చెప్పుకుంటే, ‘దేవుడు చూసుకుంటాడులే’ అని భుజం తట్టి పంపేస్తాం. మాటలో తప్పు లేదు, చివరి ‘లే’లో ఉంది. ఆ ‘లే’ సంభాషణను ముగిస్తుంది. యోహాను మొదటి పత్రిక 3వ అధ్యాయం, సహోదరుని లేమి చూసి కూడా మనసు మూసుకునేవాడిలో దేవుని ప్రేమ ఎలా నిలుస్తుందని అడుగుతుంది. అక్కడ కూడా ముందు వచ్చేది చూడటమే. యీరే అని ప్రార్థించి లేచిన మనిషికి పక్కింటి పొయ్యి వెలగలేదన్న సంగతి కనబడకపోతే, ఆ పేరులో సగమే పలికినట్టు.

ఆ రోజు కట్టుబడిన పిల్లవాడు ఏమయ్యాడు? కొండ దిగి పనివాళ్లను కలుసుకుని బెయేర్షెబాకు వెళ్లిన అబ్రాహామును కథ చూపిస్తుంది. ఇస్సాకు ప్రస్తావన అక్కడ లేదు. రెండు అధ్యాయాల తర్వాత, సాయంత్రం పొలంలోకి నడిచి వచ్చే పెళ్లికొడుకుగా అతడు మళ్లీ కనబడతాడు. బెయేర్ లహాయిరోయి దారిన వచ్చాడని 24వ అధ్యాయం చెబుతుంది. తండ్రి చనిపోయాక కూడా అతడు దాని దగ్గరే నివసించాడని 25వ అధ్యాయం చెబుతుంది. ఒకప్పుడు ఆ ఇంటినుంచి పారిపోయిన హాగరు, తనను చూసినవాణ్ణి తలుచుకున్న ఆ బావి దగ్గరే.